పిల్లలమర్రి: కంచె ఇవతల నుంచి

పాలమూరు (మహబూబ్‌నగర్) దగ్గరున్న పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి అంటే చిన్నప్పుడు మాకు ఊడలు పట్టుకుని ఊగడమే. ఆ కొమ్మల కిందే చాప పరిచి, సద్ది విప్పి, పొద్దుగూకే దాకా ఉండేవాళ్లం. మొన్న ఆదివారం అమ్మను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని నల్లగొండ నుంచి మళ్లీ వెళ్లాను. బస్సులో ఏ ఇబ్బందీ లేదు. పాలమూరులో దిగాకే మొదలైంది. నాలుగైదు కిలోమీటర్లకు ఆటో అతను 250 అడిగాడు. అమ్మ మోకాళ్లు చూసి ఇచ్చేశాను. తిరిగొచ్చేటప్పుడు ఇంకో అతను 120కే దింపాడు! ఆ 130 రూపాయల మంట ఇంకా తగ్గలేదు. ఎక్కేముందు కనీసం ముగ్గుర్ని అడగండి.

లోపలికి వెళ్లగానే అమ్మ ముఖం వాడిపోయింది. చెట్టు చుట్టూ కంచె, నడవడానికి వేరే దారి. "ఇదేంది బిడ్డా, చెట్టు కిందికి పోనియ్యరా? ఇంత దూరమొచ్చింది కంచె చూడనీకా?" అంది. పులిహోర డబ్బా సంచిలోంచి తియ్యనే లేదు.

నాకూ మనసు చివుక్కుమంది. కానీ 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడిన సంగతి మర్చిపోలేను. చూస్తే లోపల చెదలు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు, మూడెకరాల మేర పరుచుకున్నది! సందర్శకులను ఆపేసి, కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడగట్టి, క్లోరోపైరిఫాస్ అనే చెదల మందు కలిపిన ద్రావణాన్ని చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఆసరాలు కట్టారు. గాల్లో వేలాడే లేత ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించారు. మేం ఊగిన చోటు పోయినా, చెట్టు మిగిలింది. నా దృష్టిలో కంచె వెయ్యడమే సరైన పని, ఇంకా ముందే వెయ్యాల్సింది.

దారి పక్కనే చిటికెన వేలంత ఊడ ఒకటి వేలాడుతోంది, కొస లేత పసుపు రంగులో తడితడిగా. "ఇది పిల్లనా, తల్లా?" అని అడిగింది మా చిన్నది. అసలు మాను ఏదో ఎవరూ చెప్పలేరని, దిగిన ఊడలే మానులయ్యాయని, అందుకే ఆ పేరని చెప్పాను. అమ్మ వెనక్కి తిరిగి ఆ ఊడనే చాలాసేపు చూసింది.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి కట్టిన రాజరాజేశ్వరి ఆలయమూ, మ్యూజియమూ పక్కనే ఉన్నాయి. తప్పకుండా చూడండి. గుడి దగ్గర నీడ చూసుకుని కూర్చున్నాక, అమ్మ తనే డబ్బా మూత తీసింది.