ఫోర్డ్ మోడల్ టీకి ఏ రేడియేటర్ మేలు?

మోడల్ టీ బండి ఎండలో మరిగిపోతోందనగానే చాలామంది వాటర్ పంపు బిగించేద్దామంటారు. నా లెక్కలో అది అన్నిటికంటే చివర చూడాల్సిన వస్తువు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఈ కారులో, మొదటి 2,500 బండ్లు మినహా, కంపెనీ పంపు పెట్టలేదు. ఇంజన్‌లో వేడెక్కిన నీళ్లు తేలికై పై ట్యాంకులోకి ఎక్కుతాయి, రేడియేటర్ మధ్యలోని కోర్‌లో (నీళ్ల గొట్టాలు, వాటికి అతికిన పల్చటి లోహపు రెక్కలు) చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి. దీన్నే థర్మోసైఫన్ అంటారు. 20 హార్స్‌పవర్ ఇంజన్‌కి అది సరిపోతుంది. కాకపోతే పై హోస్ నోరు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. మట్టం అంతకంటే దిగితే నీళ్లు తిరగడమే ఆగిపోతుంది.

పాత గుండ్రటి గొట్టాల కోర్ దగ్గర అసలు చిక్కు వేరు. ఆసిడ్‌తో కడిగిస్తారు, నీళ్లు ధారగా దిగుతాయి, రేడియేటర్ బాగుందనుకుంటారు. బండి మళ్లీ మరుగుతుంది. ఏళ్ల తరబడి కుదుపులకి, తుప్పుకి గొట్టానికీ రెక్కకీ మధ్య సోల్డర్ పట్టు వదిలేసి ఉంటుంది. గొట్టం వేడిగానే ఉంటుంది, ఆ వేడి రెక్కకి చేరదు, గాలికి అందదు. దీనికి ఏ కడుగుడూ మందు కాదు. పైపైన చూస్తే తెలిసేది కూడా కాదు.

అందుకే రోడ్డు మీద తిప్పే బండికి నా ఓటు చదును గొట్టాల రాగి-ఇత్తడి కోర్‌కే. అంతే జాగాలో నీళ్లకి తగిలే లోహం ఎక్కువ, రెక్కల అతుకు గట్టి. పాత ట్యాంకులు, 1916 మోడల్ దాకా వచ్చిన ఆ ఇత్తడి చట్రం అలాగే ఉంచి లోపలి కోర్ ఒక్కటే మార్చుకోవచ్చు. దాని బలహీనతలూ చెప్పాలి. సన్నని దారులు కాబట్టి బ్లాక్‌లోని తుప్పు వచ్చి త్వరగా అడ్డుపడుతుంది. చదును గోడలు ఒత్తిడికి ఉబ్బుతాయి, ప్రెషర్ క్యాప్ (లోపల ఒత్తిడి నిలిపి ఉంచే మూత) పెట్టనే కూడదు. ప్రదర్శనకి మాత్రమే తీసే బండయితే గుండ్రటి గొట్టాలే ఉంచండి. ఆ ముఖం వేరే కోర్‌కి రాదు.

అల్యూమినియం తేలిక, నిజమే. కానీ రాగి అంతకంటే బాగా వేడిని మోస్తుంది, పైగా చిల్లు పడితే సోల్డర్‌తో పూడుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీ రేడియేటర్లు అతికే చేతులకి రాగి, ఇత్తడి తెలిసిన లోహాలు. అల్యూమినియం కోర్ మామూలు సోల్డర్‌కి లొంగదు. తేనెపట్టు కోర్ సంగతి ఒక్క మాటలో: 1901 మెర్సిడెస్‌కి ఇంజనీర్ విల్‌హెల్మ్ మేబాక్ 8,070 చిన్న గొట్టాలతో చేసినది అద్భుతమే, కానీ మధ్యలో ఎక్కడో ఒక అతుకు కారితే దాన్ని పట్టుకోవడం నరకం.

ఇక పంపు. కోర్ దింపగలిగినదానికంటే వేగంగా అది పై ట్యాంకులోకి తోస్తే, నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి రోడ్డు పాలవుతాయి. షాఫ్ట్ దగ్గర కారడం అదనపు టెన్షన్. కోర్ చెడిపోయి ఉంటే పంపు ఆ సంగతి కొన్నాళ్లు దాస్తుంది, అంతే.

డబ్బు ఖర్చుపెట్టేముందు మూడు పరీక్షలు చేయండి. స్పార్క్ లివర్‌ని (ఇంజన్‌లో నిప్పురవ్వ పడే సమయం మార్చే మీట) రవ్వ ఆలస్యంగా పడేలా ఉంచి నడిపితే మంచి రేడియేటర్ కూడా మరుగుతుంది, మొదట అది సరిచూడండి. తర్వాత రేడియేటర్ విప్పి, కింది నోరు మూసి, నిండా నీళ్లు పోసి ఒక్కసారిగా వదలండి. ధార సన్నగా వస్తే గొట్టాలు మూసుకున్నట్టే. చివరగా బండి వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ ముఖమంతా చూడండి. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో చల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ నీళ్లు కదలడం లేదు. నీళ్లు ధారాళంగా దిగి, ఫ్యాన్ బాగా తిరుగుతున్నా పై ట్యాంకుకీ కింది ట్యాంకుకీ తేడా పెద్దగా లేకపోతే రెక్కల అతుకు పోయిందని అనుమానించాలి. అప్పుడు కోర్ మార్చాల్సిందే.