పెళ్లి గుమ్మంలో వెల్‌కమ్ టీమ్: ముస్తాబు బాగుంది, చెయ్యే కుదురుగా లేదు

హైదరాబాద్ శివారు కొంపల్లి వైపు ఫంక్షన్ హాళ్లలో ఈవెంట్ వాళ్లు పెళ్లి ప్యాకేజీలో వెల్‌కమ్ టీమ్‌ని కూడా కలుపుతున్నారు. ఇక్కడ చెప్పేది అలాంటి ఒక బృందం గురించే. గుమ్మం దగ్గర నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. పన్నీరు, గంధం, కుంకుమ, గులాబీలు, పటికబెల్లం అన్నీ వాళ్లే తెచ్చుకుంటారు. ముస్తాబుకు వంక పెట్టలేం.

నమస్కారం బాగా నేర్పించారు. చేతులు గుండె ఎత్తున జోడించి, వచ్చినవాళ్లు తమవైపు చూశాకే తల వంచుతున్నారు. పళ్లెం పట్టుకున్న మనిషి వేరు, దణ్ణం పెట్టే మనిషి వేరు. చాలా బృందాలకు ఈ మాత్రం తట్టదు.

గంధం దగ్గర తేలిపోయారు. పొడి అంతా ఒకేసారి కలిపి పెట్టారు. ఏసీ గాలికి అది గట్టిపడింది, నీళ్లు పోసేసరికి పలచనై చొక్కా చేతుల మీదికి కారింది. వేలికి అంటి జారకుండా నిలిచే చిక్కదనంలో, కొద్దికొద్దిగా పన్నీటితో కలుపుకుంటూ, గిన్నె మీద తడిబట్ట కప్పాలి. పన్నీరు బుడ్డి కూడా మొహం ఎత్తున విదిలిస్తున్నారు. కళ్లజోళ్లు తడుస్తాయి, పట్టుచీర మీద చుక్కలు పడతాయి. కాస్త కిందికి పట్టి, చేతుల మీద ఒక్కసారి చిలకరిస్తే సరి.

అసలు లోపం తాకడంలో ఉంది. అబ్బాయిలు ఆడవాళ్ల చేతికి గంధం రాయబోతున్నారు. అమ్మాయిలు అడక్కుండానే ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టేస్తున్నారు. హైదరాబాద్ పెళ్లంటే బుర్ఖాలో పక్కింటి ఆంటీ వస్తారు, చర్చికెళ్లే ఆఫీసు స్నేహితురాలు వస్తుంది, భర్త పోయాక బొట్టంటే ముడుచుకుపోయే పెద్దమ్మా వస్తుంది. (ఆ పట్టింపు ఉండాలా వద్దా అన్నది గుమ్మంలో తేల్చే విషయం కాదు.) పళ్లెం చాపి ఒక్క క్షణం ఆగితే చాలు. కావాలనుకున్నవాళ్లు నుదురు ముందుకు తెస్తారు, లేదా తామే వేలితో తీసుకుంటారు. వద్దనుకున్నవాళ్లు గులాబీ అందుకుంటారు, అందుకే గులాబీల పళ్లెం ముందుండాలి.

కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తి ఆదాబ్ అన్న పెద్దాయనకు ఆదాబే తిరిగి చెప్పాలి. షేక్‌హ్యాండ్‌కి ఆడవాళ్లు ముందు చెయ్యి చాపితేనే మగవాళ్లు చాపాలి. కాళ్లకు మొక్కడం, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకోవడం ఇంటివాళ్ల పని. అద్దెకొచ్చినవాళ్లు చేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

బుక్ చేసేటప్పుడు గంధం, కుంకుమ పళ్లేలు అమ్మాయిలకే ఇమ్మనండి. అబ్బాయిలను పన్నీరు, పటికబెల్లం దగ్గర ఉంచండి. చుట్టాలను గుర్తుపట్టే ఇంటిమనిషి ఒకరు వాళ్ల పక్కనే నిలబడాలి. దీనికి ఒప్పుకోకపోతే ఆ ప్యాకేజీ తీసేయించి, డబ్బులు పూలకు పెట్టుకోండి.