కంపాలా, కిగాలీల్లో నా ఓటు కిగాలీకే

మా తమ్ముడు ఉగాండాలో, కంపాలాలో ఒక స్టీల్ కంపెనీలో పనిచేస్తున్నాడు. పక్కనే ఉన్న రువాండా రాజధాని కిగాలీలో ఇంకో ఉద్యోగం వచ్చింది. వెళ్లాలా వద్దా అని వాడూ మరదలూ తేల్చుకోలేకపోతుంటే, "నువ్వొచ్చి రెండు ఊళ్లూ చూసి చెప్పక్కా" అన్నాడు. మావారితో కలిసి వెళ్లొచ్చాను. కిగాలీ వెళ్లమని చెప్పాను.

బయల్దేరే ముందు చేయాల్సినవి పెద్దగా ఏం లేవు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. విడివిడిగా వీసాలు తీసుకోవాల్సిన పనిలేదు. 100 డాలర్లు కడితే ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ కలిపి ఒకే ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఇస్తారు.

తమ్ముడిది చిన్న ఇల్లు కాబట్టి కంపాలాలో లాడ్జిలో దిగాం. రోజుకి 40 డాలర్లు, టిఫిను, వేడినీళ్లు అన్నీ అందులోనే అని బుక్ చేసేటప్పుడు రాశారు. మొదటి రాత్రే కరెంటు పోయింది. జనరేటర్ వేశారు, పది గంటలకల్లా ఆపేశారు. పొద్దున చన్నీళ్లే. సరే, ఊరన్నాక కరెంటు పోతుంది. కానీ ఖాళీ చేసే రోజు బిల్లులో 'జనరేటర్ చార్జీ' రోజుకి 10 డాలర్ల చొప్పున వేశారు! ఇది ముందు ఎందుకు చెప్పలేదని అడిగితే, కౌంటర్ దగ్గర కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "అందరూ కడతారు" అన్నాడు. కట్టబోతే ఇంకో పేచీ. మా దగ్గరున్న 20 డాలర్ల నోట్లు పాతవట, తీసుకోనన్నాడు. ఇక్కడ పాత సిరీస్ డాలర్లు చాలాచోట్ల తీసుకోరు, చిన్న నోట్లకు రేటు కూడా తక్కువే ఇస్తారు. కొత్త 100 నోట్లే పట్టుకెళ్లండి. చివరికి తమ్ముడు అక్కడి డబ్బుల్లో, అంటే ఉగాండా షిల్లింగుల్లో కట్టాడు. మావారికి కోపం వస్తే మాట్లాడరు. ఆ సాయంత్రం మరదలు చేసిన పప్పుచారు కూడా ముభావంగానే తిన్నారు.

ఆయన మొహంలో నవ్వు తెప్పించింది రోలెక్స్. వాచీ కాదు, రోడ్డు పక్క బండి మీద దొరికే టిఫిను. గుడ్లు, క్యాబేజీ, టమాటా గిలక్కొట్టి పెనం మీద పోసి, దాని మీద చపాతీ పరిచి, తిరగేసి చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. 3,000 షిల్లింగులు, మన డబ్బుల్లో సుమారు 70 రూపాయలే. ఈ చపాతీ మనవాళ్లు తెచ్చిపెట్టిందే. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి భారతీయుల్ని వెళ్లగొట్టినా, చపాతీ మాత్రం ఆ దేశంలో ఉండిపోయింది. తర్వాత అధ్యక్షుడైన ముసెవెనీ హయాంలో చాలామంది తిరిగొచ్చారు. అందుకే కంపాలాలో కరివేపాకు, ములక్కాడలు దొరకడం కష్టం కాదు. చాలామందితో ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు. మరదలికి ఆ ఊరు వదలాలని లేకపోవడానికి కారణం అదే, ఆమె చెప్పేదాంట్లో న్యాయం ఉంది.

కానీ సాయంత్రం ఏడు దాటితే మరదలు ఒంటరిగా గేటు దాటదు. ఫోను చేతిలో పట్టుకుని నడిస్తే లాక్కుపోతారని నాకూ జాగ్రత్తలు చెప్పింది. బోడా బోడా అనే అద్దె బైకుల మీద ముగ్గురేసి హెల్మెట్ లేకుండా వెళ్తుంటే చూస్తున్న మనకే టెన్షన్.

కిగాలీకి బస్సులో వెళ్లాం. టికెట్ 80,000 షిల్లింగులు, సుమారు 1,800 రూపాయలు. దారిలో భూమధ్యరేఖ దాటతాం. గటూనా సరిహద్దు దగ్గర దింపి సామాన్లు తీయమన్నారు. రువాండాలో ప్లాస్టిక్ సంచులు 2008 నుంచీ నిషేధం. మన ప్రయాణాలంటే తెలిసిందే, చెప్పులకో కవరు, మాసిన బట్టలకో కవరు. ఆఫీసరమ్మ ఒక్కొక్కటీ విప్పించి, కవర్లు తీసుకుని, బట్టలు చక్కగా మడతపెట్టి ఇచ్చింది. సీలు వేసిన గోంగూర పచ్చడి ప్యాకెట్టు తిప్పి చూసి వదిలేసింది. గొంతు పెంచలేదు, డబ్బు ఊసెత్తలేదు. అక్కడే 1,000 రువాండా ఫ్రాంకులకి గుడ్డసంచి కొన్నాం.

కిగాలీలో గెస్ట్‌హౌస్ 45 డాలర్లు. అక్కడా ఒక పూట గీజర్ పనిచేయలేదు. మేం అడక్కముందే ఇంటావిడ వచ్చి సారీ చెప్పి, 10 డాలర్లు తిరిగిచ్చింది. మావారు ఆ రోజంతా ఆ మాటే చెప్పారు.

రాత్రి తొమ్మిదిన్నరకి మేమిద్దరం ఫుట్‌పాత్ మీద నడిచి వెళ్లి తినొచ్చాం. వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఆడపిల్లలు ఒంటరిగా ఇళ్లకి వెళ్తున్నారు. మోటో, అంటే అక్కడి బైక్ టాక్సీ ఎక్కితే మనకీ హెల్మెట్ ఇస్తారు, ఒక్కరినే ఎక్కించుకుంటారు. నెలలో ఆఖరి శనివారం పొద్దున ఉముగాండా, ఊరంతా కలిసి శ్రమదానం చేస్తారు. ఆ పూట దుకాణాలు తెరవరు, ప్రయాణాలు పెట్టుకోకండి. మనిషికి ఏడాదికి కొద్ది మొత్తం కట్టి మామూలు కుటుంబాలు కూడా ఆరోగ్య బీమాలో ఉన్నాయి. ఉగాండాలో అలాంటి జాతీయ బీమా లేదు. తలసరి ఆదాయం రెండు దేశాల్లోనూ సుమారు వెయ్యి డాలర్ల దగ్గరే ఉంది, మరి తేడా డబ్బు వల్ల వచ్చింది కాదు కదా.

కిగాలీలోనే గిసోజీ అనే చోట ఉన్న స్మారకం చూడకుండా రావద్దు. 1994లో టుట్సీ తెగవాళ్ల మీద జరిగిన మారణకాండలో చనిపోయిన రెండున్నర లక్షల మందికి పైగా అక్కడే ఖననమై ఉన్నారు. టికెట్ లేదు. బయటికొచ్చాక మాకు మాటలు రాలేదు.

అంతా బాగుందని మాత్రం అనను. వీధిలో బుట్ట పెట్టుకుని అమ్మడం కిగాలీలో నిషేధం. అవకాడోలు అమ్ముకునే ఒకామె, యూనిఫాం వాళ్లు కనబడగానే పిల్లని వీపున కట్టుకుని బుట్టతో సందులోకి పరుగెత్తింది. కంపాలాలో టాక్సీ డ్రైవర్ ప్రభుత్వాన్ని దారి పొడుగునా తిట్టాడు. కిగాలీ డ్రైవర్ రాజకీయాలు ఎత్తగానే వాతావరణం గురించి మాట్లాడాడు. సరుకులు కూడా సముద్రం నుంచి చాలా దూరం రావాలి కాబట్టి కందిపప్పు, నూనె కిగాలీలోనే ఖరీదు.

గొరిల్లాల కోసం వెళ్లేవాళ్లు ఉగాండా వైపే చూసుకోండి, అక్కడ పర్మిట్ 800 డాలర్లు, రువాండాలో 1,500.

మరదలు ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది. కొత్త కంపెనీ ఇంటద్దె విడిగా ఇస్తానని కాగితం మీద రాసిస్తేనే సామాను సర్దుతుందట. తమ్ముడు మెయిల్ పెట్టాడు, జవాబు రావాలి.