డంపు చదవడం నేర్పే ఆదివారం క్లాసు

ఫ్రెషర్లకు ముందే చెప్పేస్తున్నాను. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లలో ప్రోగ్రాం కూలినప్పుడో వేలాడినప్పుడో తీసే మెమరీ కాపీని డంపు అంటారు, ఇక్కడ దాన్ని చదవడం నేర్పుతారు. ఉద్యోగం కోసం కోబాల్ (ఆ కంప్యూటర్ల మీద వాడే ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకోవాలంటే ఈ క్లాసు వద్దు. ఇక్కడ రెజ్యూమే తయారు చేయరు, ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టించరు. ఇప్పటికే ప్రొడక్షన్ సపోర్టులో ఉండి, అర్ధరాత్రి ఫోన్ మోగితే ‘రీజియన్ రీస్టార్ట్ చేసేద్దామా’ తప్ప ఇంకో మాట తోచని నాలాంటివాళ్ళకు మాత్రం తిరుపతిలో ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు. నేను బైరాగిపట్టెడలో ఇంటి నుంచే ఒక చెన్నై కంపెనీకి పనిచేస్తాను. ఒక విదేశీ బ్యాంకు సీఐసీఎస్ రీజియన్లు మా టీమ్ చూసుకుంటుంది. సీఐసీఎస్ అంటే మెయిన్‌ఫ్రేమ్ మీద లావాదేవీలు నడిపే ఐబీఎం సాఫ్ట్‌వేర్, నడుస్తున్న దాని ఒక్కో కాపీ ఒక రీజియన్.

సెంటర్ బాలాజీ కాలనీలో, జెరాక్స్ షాపు పైన రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఫీజు 8,000. పాఠం చెప్పేది ఒక్కరే, బెంగళూరులో సిస్టమ్ ప్రోగ్రామర్‌గా రిటైరై ఊరికి వచ్చేసిన పెద్దాయన. సీఐసీఎస్ 1969లో బయటికి వచ్చిందనీ, మొదట కరెంటు, ఫోన్ కంపెనీల కస్టమర్ రికార్డుల కోసమే చేశారనీ మొదలుపెట్టి, ఆ చరిత్రలోంచి బయటపడడానికి కొంచెం టైమ్ తీసుకుంటారు. ఓపిక పట్టాలి.

మొదటి వారాల్లో ఒక్క లైను కోడ్ కూడా రాయించరు. ఎంటర్ కొట్టిన తర్వాత లోపల ఏం జరుగుతుందో బోర్డు మీద నడిపిస్తారు. నాలుగక్షరాల ట్రాన్సాక్షన్ ఐడీ చూసి ఏ ప్రోగ్రాం నడపాలో తేల్చడం, ఆ ట్రాన్సాక్షన్‌ను నడిపే టాస్కు పుట్టడం, దానికి స్టోరేజీ ఇవ్వడం, ఫైల్ రికార్డుకు లాక్ పడడం, సింక్‌పాయింట్ (చేసిన మార్పులు ఖరారయ్యే చోటు) దగ్గర ఆ లాకులు వదలడం. ఇవన్నీ విడివిడిగా నాకు తెలిసినవే. ఏది ఎవరి కోసం ఆగుతుందో మాత్రం మా ఆఫీసులో ఎవరూ ఇలా చెప్పలేదు.

టాస్కులు వంతులవారీగా నడిచే ప్రధాన దారి అయిన క్యూఆర్ టీసీబీ గురించి చెప్పిన రోజు ఆయన వైకుంఠం క్యూ కాంప్లెక్సును పట్టుకున్నారు. కంపార్టుమెంట్లు నిండితే మిగతా జనం బయటే నిలబడ్డట్టు, ఎంఎక్స్‌టీ (ఒకేసారి ఉండదగ్గ టాస్కుల గరిష్ఠ సంఖ్య) అంకె నిండితే కొత్త టాస్కులు బయటే ఆగుతాయి. లోపల ఎన్ని ఉన్నా క్యూఆర్ మీద ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. “కానీ ఇక్కడ జరగండి జరగండి అనేవాళ్ళు ఉండరమ్మా, టాస్కు తనంతట తానే పక్కకు తప్పుకోవాలి” అన్నారు. తప్పుకోకపోతే ఐసీవీఆర్ గడువు (టాస్కు చోటు వదలకుండా నడవడానికి పెట్టే హద్దు) దాటాక సీఐసీఎస్ ఏఐసీఏ అనే అబెండ్‌తో, అంటే ఆ ఎర్రర్ కోడ్‌తో మధ్యలోనే ఆపేసి, దాన్ని గెంటేస్తుంది. డిఫాల్టుగా ఆ గడువు 5,000 మిల్లీసెకన్లు. ల్యాబులో ఒకబ్బాయి ఊరికే తిరిగే లూపు నడిపితే మా అందరి స్క్రీన్లూ ఆ ఐదు సెకన్లు బిగుసుకుపోయాయి. ల్యాబుకు ఉన్నది ఒక్క రీజియనే కాబట్టి ఆ పాఠం ఉచితంగా అందింది. ఆ తర్వాత చెప్పింది ఇంకా విలువైనది. లూపు మధ్యలో సీఐసీఎస్ కమాండ్లు ఉండి, టాస్కు మధ్యమధ్యలో చోటు వదులుతూ ఉంటే ఆ గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. ఏఐసీఏ రాదు, సీపీయూ మాత్రం ఆవిరైపోతుంది. మా దగ్గర రాత్రుళ్ళు సీపీయూ పెరిగినప్పుడు ఏఐసీఏ రాలేదు కాబట్టి లూపు కాదని అందరం తేల్చేసేవాళ్ళం.

అసలు డబ్బు గిట్టుబాటయ్యేది డంపు క్లాసుల్లో. ఏఎస్ఆర్ఏ (ప్రోగ్రాం తన తప్పుతోనే పడితే వచ్చే అబెండ్) వచ్చిన ప్రోగ్రాం, కారణం జీరో సీ సెవెన్, అంటే అంకెలుండాల్సిన చోట చెల్లని డేటా. పీఎస్‌డబ్ల్యూలోని (ప్రాసెసర్ ఎక్కడ ఆగిందో చూపేది) అడ్రసులోంచి ప్రోగ్రాం లోడైన అడ్రసు తీసేసి, మిగిలిన ఆఫ్‌సెట్‌ను కంపైల్ లిస్టింగులో వెతికించారు. ఆగింది ఒక కూడిక దగ్గర. కాంప్-3 (అంకెల్ని కుదించి దాచే) ఫీల్డులో అంకెలకు బదులు అన్నీ 40లే, అంటే ఖాళీలు. మేం ‘దొరికింది’ అనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. “పడిన చోటు చూపిస్తే సరిపోదు, తోసిందెవరో చెప్పండి” అని కూర్చోబెట్టారు. పడిపోయిన ప్రోగ్రాంను పిలిచిన ఇంకో ప్రోగ్రాం పాత కాపీబుక్‌తోనే (రెండూ పంచుకునే డేటా నమూనా) ఉండిపోయింది. అది పంపిన కామ్‌ఏరియా (ఒక ప్రోగ్రాం ఇంకోదానికి డేటా అందించే మెమరీ) చిన్నది, ఇది చదివేది పెద్దది, దాని పొడవు చెప్పే ఈఐబీకాలెన్ ఎంతో ఎవరూ చూడలేదు. హద్దు దాటాక మెమరీలో ఏముంటే అదే ఫీల్డులోకి వస్తుంది. ఒకరోజు సరైన అంకె లాంటిది ఉంటే నడుస్తుంది, ఇంకోరోజు ఖాళీలుంటే పడుతుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అనే టికెట్లకు నాకు తెలిసి ఇంతకంటే మంచి వివరణ లేదు.

రీజియన్ వేలాడినప్పుడు చేయాల్సిన పని కూడా ఆయన చేత్తో రాయించారు. సీఈఎంటీ అనే సీఐసీఎస్ కమాండుతో టాస్కుల జాబితా తీసి ఎవరు దేనికోసం ఆగారో చూడాలి. రీస్టార్టుకు ముందే డంపు తీసుకోవాలి. ఏం జరిగిందో నమోదయ్యే లోపలి ట్రేస్ టేబుల్ చుట్టూ తిరిగి తన మీదే రాసుకుంటుంది, ఆలస్యమైతే ఆధారం చెరిగిపోతుంది. కంగారులో కోల్డ్ స్టార్ట్ (పాత స్థితిని పట్టించుకోకుండా కొత్తగా మొదలుపెట్టడం) మాత్రం ఇవ్వకూడదు. ఎమర్జెన్సీ రీస్టార్టయితే సిస్టమ్ లాగ్ చదివి సగంలో ఆగిన పనుల్ని వెనక్కి తిప్పుతుంది. కోల్డ్ స్టార్టులో మన రీజియన్ ఫైళ్ళకు ఆ బ్యాకౌట్ జరగదు.

బాగాలేనివి కూడా ఉన్నాయి. డీబీ2 (ఐబీఎం డేటాబేస్) భాగం పరుగే. రెండు టాస్కులు ఒకదాని లాకు కోసం ఇంకోటి ఆగిపోయే డెడ్‌లాకులో -911 వస్తే రోల్‌బ్యాక్ (చేసిన మార్పులు రద్దు) అయిపోయినట్టు, -913 వస్తే కానట్టు అని ఒక్క వాక్యంలో దాటేశారు. సపోర్టులో మాకు సగం తలనొప్పి ఆ డెడ్‌లాకులతోనే. థ్రెడ్‌సేఫ్ (క్యూఆర్ బయట కూడా ప్రోగ్రాం నడవగలగడం) గురించి అడిగితే ‘తర్వాత’ అన్నారు, ఆ తర్వాత రాలేదు. ల్యాబ్ కనెక్షన్ నెమ్మది, సాయంత్రాలు ఇంకా నెమ్మది. నోట్సు కింద షాపులో తీసిన జెరాక్సు కాపీలు. హెక్స్ డంపులో 8 ఏదో, బీ ఏదో తెలియదు. అడ్రసులు లెక్కపెట్టే క్లాసులో ఇది చిన్న లోపం కాదు. మొహమాటపడకుండా ఒరిజినల్ ప్రింటు అడగండి, ఇస్తారు.

చిత్తూరు నుంచి ఒకబ్బాయి బస్సులో వచ్చేవాడు, డిగ్రీ అప్పుడే అయింది. “అక్కా, ఇంటర్వ్యూలో ఇవన్నీ అడుగుతారా?” అని ప్రతి క్లాసులో అడిగేవాడు. చాలామంది అడగరు. ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ కోర్సు ఉచితం, నిజమైన మెయిన్‌ఫ్రేమ్ మీదే చేయిస్తారు, ముందు అది చేసి రమ్మన్నాను. మధ్యలోనే మానేశాడు. తప్పు వాడిది కాదు, ఎవరికోసం పెట్టిన క్లాసో చేర్చుకునేటప్పుడే సెంటర్ వాళ్ళు చెప్పి ఉండాలి.

ఒక క్లాసు ఊరికే కూర్చుని చూడనిస్తారు. చరిత్ర చెప్పే రోజు కాకుండా డంపు చదివే రోజు అడిగి వెళ్ళండి. బండి పెట్టడానికి కింద చోటు లేదు, పక్క సందులో పెట్టుకోవాలి.