పడమటి గోడకు ఎక్స్‌పీఎస్ షీట్లు: ఆరు ఎండాకాలాలు చూశాక

మాది కొత్తగూడెం. మేముండేది కింది అంతస్తు, కాబట్టి స్లాబు వేడి బాధ లేదు. బాధంతా పడకగది పడమటి గోడతోనే. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అది. మధ్యాహ్నం ఎండ ఇటుకలో ఇంకి, సరిగ్గా మేం పడుకునే వేళకు లోపలికి దిగేది. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ వెచ్చగా తగిలేది. ఏసీ ఆపిన పావుగంటకే మళ్లీ ఉక్క. అమ్మ మంచాన్ని గోడకు రెండు మూరల దూరం జరుపుకొని పడుకునేది.

2019 డిసెంబరులో బయటివైపు 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ నురుగు పలకలు) వేయించాను. లోపలివైపు వేస్తే చవక అన్నారు. అలా వేస్తే ఇటుక ఎప్పటిలాగే కాగుతుంది, గదీ ఇరుకవుతుంది. అంతే మందం ఇటుకతో పోలిస్తే ఈ షీటు గుండా వచ్చే వేడి దాదాపు 20 రెట్లు తక్కువ. జిగురు సిమెంటుతో అంటించి, ఫాస్టెనర్లు కొట్టి, ఫైబర్ జాలీ పరిచి, పైన పూత పూసి తెల్లరంగు వేశారు.

మొదటి ఎండాకాలంలోనే గోడ చల్లబడింది. కిటికీ చుట్టూ మాత్రం వేడి అలాగే ఉంది. మేస్త్రీ షీట్లను కిటికీ అంచు దగ్గరే ఆపేశాడు, నేనూ అడగలేదు. కిటికీ పక్కలు, పైన లింటెల్ (కిటికీ మీది కాంక్రీటు దూలం), దాంతో కలిపి పోసిన సజ్జ అన్నీ ఎండకు వదిలేసినట్టే. సజ్జ రోజంతా కాగి ఆ వేడిని లింటెల్ గుండా గదిలోకి పంపేది. వానాకాలం వచ్చేసరికి కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్లు లేచాయి. ఒక మూల నీళ్లు దిగి లోపల పెయింటు ఉబ్బింది. నిజంగా ఏడుపొచ్చింది.

2021 మొదట్లో ఇంకో మేస్త్రీతో కిటికీ చుట్టూ మళ్లీ చేయించాను. ఆయన మూలల దగ్గర షీటు ముక్కలు అతకలేదు, నిండు షీటునే ఎల్ ఆకారంలో కోశాడు. మూలమూలకూ ఐమూలగా అదనపు జాలీ వేశాడు. కిటికీ పక్కలకు 20 మిల్లీమీటర్ల షీటు, సజ్జకు పైనా కిందా షీటు, చట్రం సందులో ఫోమ్, దాని మీద సిలికాన్. కిటికీ గట్టును బయటికి వాలుగా చేసి, నీరు గోడ మీదికి పాకకుండా కింద గాడి పెట్టాడు. ఆ తర్వాత ఒక్క పగులు రాలేదు, ఒక్క చుక్క దిగలేదు. అమ్మ మంచం మళ్లీ గోడ పక్కకు చేరింది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు ఆదా కోసం పెట్టిన నిర్మాణ నియమావళి) కూడా గోడల వేడినీ కిటికీల వేడినీ ఒకే లెక్కలో కలిపి, చదరపు మీటరుకు 15 వాట్లు దాటొద్దంది. ఆ లెక్క ఎందుకలా పెట్టారో నాకు ఈ గోడ దగ్గరే అర్థమైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. గోడ మందం పెరిగి బయటికి తెరుచుకునే కిటికీ రెక్కలు ఇప్పుడు పూర్తిగా వెనక్కి పోవు. నిచ్చెన ఆనించిన చోట రెండు సొట్టలు పడ్డాయి. ఏసీ బయటి యూనిట్‌ను షీటు మీద బిగించకూడదు, ఇటుక దాకా దిగే పొడవాటి బోల్టులే వాడాలి. షీటును నేల నుంచి అడుగు ఎత్తున మొదలుపెట్టించండి, లేకపోతే దాని వెనక చెదలు పాకినా కనబడవు. ఇది మంటకు అంటుకునే సరుకు, అందుకే వంటగది చిమ్నీ గొట్టం దరిదాపుల్లో వేయించలేదు.

వచ్చే చలికాలం హాలు గోడకూ చేయిస్తున్నాను. ఈసారి కిటికీల కొలతలు తీశాకే షీట్లు కొంటాను.