పడటం నేర్పే చోటు: విజయనగరంలో ఆరు నెలల ఐకిడో

అయ్యకోనేరు గట్టుకు నడక దూరంలో, ఒక మేడ పై అంతస్తులో జరిగే ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య తరగతికి ఆరు నెలలుగా వారానికి మూడు సాయంత్రాలు వెళ్తున్నాను. మంచితో పాటు లోపాలు కూడా రాయవలసి ఉన్నందున శిక్షణశాల పేరు ఇక్కడ చెప్పడం లేదు. నెల రుసుము 1,200 రూపాయలు. దుస్తులు వేరుగా కొనుక్కోవాలి.

ఇది కరాటే వంటిదే అనుకుని వచ్చేవారు మొదటి వారంలోనే నిరాశపడతారు, ఎందుకంటే ఇక్కడ పోటీలు లేవు, పతకాలు లేవు, మొదటి నెలంతా నేర్పేది కింద పడటం ఒక్కటే. ముందుకు దొర్లేటప్పుడు చిటికెన వేలి అంచు, మోచేయి, భుజం వరుసగా నేలను తాకి, వీపు మీదుగా ఏటవాలుగా రెండో వైపు తుంటి దాకా బరువు జారిపోవాలి. తల మాత్రం నేలకు తగలకూడదు. తొలి రోజుల్లో నేను పడితే బియ్యం బస్తా దింపినట్టు చప్పుడయ్యేది. ఆ చప్పుడు తగ్గేదాకా గురువుగారు మరో పాఠానికి కదలలేదు. యాభయ్యో పడిలో ఉన్న నాకు ఈ తరగతిలో దక్కిన అసలు విలువ ఈ ఓపికే.

ఐకిడోను రూపొందించిన మొరిహెయి ఉయెషిబా (1883–1969) 1915లో జపాన్ ఉత్తర దీవి హొక్కాయిదోలో సొకాకు తకెదా అనే గురువును కలిసి, ఆయన వద్ద దైతో-ర్యూ జుజుత్సు అనే పట్టుల యుద్ధవిద్య అభ్యసించారు. తరువాత ఒమొతో అనే మత సంప్రదాయం ప్రభావంతో, ఎదుటివాడిని చిత్తు చేయడం కన్నా అతని దాడిని అతనికీ మనకూ హాని లేకుండా మళ్లించడమే మేలైనదన్న దృష్టికి వచ్చారు. ఐకిడో అన్న పేరు 1942లో స్థిరపడింది. ‘ఐ’ అంటే కలయిక, ‘కి’ అంటే ప్రాణశక్తి, ‘దో’ అంటే మార్గం. కొత్తవారు చేరిన ప్రతిసారీ ఈ మూడు అక్షరాల మీద అరగంట ఉపన్యాసం సాగుతుంది. పాతవాళ్లం అంతసేపూ మోకాళ్ల మీద కూర్చుని వినాలి.

ఆ అరగంటలో బోధపడని విషయం నాకు ఒక్క మణికట్టు పట్టులో బోధపడింది. ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు నా చేయి పట్టుకున్నాడు. నేను గుంజుకున్న కొద్దీ పట్టు బిగిసింది. గురువుగారు వచ్చి నా మోచేయిని కిందికి దించి, అరచేతిని నా వైపు తిప్పి, ముందున్న పాదం మీద వెనక్కి తిరగమన్నారు. తిరిగి చూస్తే నేను కుర్రవాడి పక్కన నిలబడి, అతను చూస్తున్న గోడనే చూస్తున్నాను. పట్టు అలాగే ఉంది కానీ అందులో బలం లేదు. దీనిని తెన్కాన్ అంటారు. ఈ రోజుల్లో ఎవరు చేయి పట్టుకుని కొడతారని అడిగితే, కత్తి దూయకుండా ఆపడానికి మణికట్టు పట్టుకునే కాలం నాటి పద్ధతి ఇదని చెప్పారు. అందుకే బొక్కెన్ అనే కర్రకత్తితో సాధన కూడా ఉంది. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడుగారు వ్యాయామం నేర్పిన ఊరిలో, బలం వాడవద్దన్న మాట తలకెక్కడానికి కొంత సమయం పడుతుంది.

ఇక నా ప్రధాన అభ్యంతరం. దాడి చేసేవారిని ఉకె అంటారు. నిజాయితీగా దాడి చేయడం, తూకం తప్పినప్పుడే పడటం ఉకె బాధ్యత. ఇక్కడి కుర్రవాళ్లు నా వయసుకు మర్యాద ఇచ్చి, నేను కోతెగయెషి (మణికట్టు తిప్పి పడవేసే పట్టు) సగం తిప్పకముందే చాప మీద వాలిపోతున్నారు. గురువుగారి విషయంలో ఇది మరీ ఎక్కువ, ఆయన వేలు తగిలితే చాలు సీనియర్లు ఎగిరి పడతారు, ఆయన కూడా వారించరు. కలిసి సాధన చేయడం వేరు, కలిసి నటించడం వేరు. జూడో నుంచి వచ్చిన కెంజి తొమికి, పోటీ లేకపోతే విద్య పదునెక్కదన్న అభిప్రాయంతో తన ఐకిడో శాఖలో పోటీని ప్రవేశపెట్టారు. నాకు పోటీ అక్కరలేదు గానీ ఆయన అనుమానం మాత్రం సబబే అనిపిస్తుంది. మా తరగతిలో ఒక్క అమ్మాయి మాత్రం నేను తప్పు చేస్తే పడదు. నిలబడి చూస్తూ, “గట్టిగా పట్టుకున్నాను అంకుల్, ఒగ్గను, మళ్లీ చేయండి” అంటుంది. ఆమెతో చేసిన పది నిమిషాలే నాకు లెక్కలోకి వస్తాయి.

ఒకదానిలో ఒకటి ఇరికించే ఫోమ్ చాపలు అంచుల దగ్గర విడిపోతున్నాయి. ఆ సందులో నా కాలి బొటనవేలు ఇరుక్కుని వారం రోజులు కుంటుతూ నడిచాను. చెప్పిన తరువాత టేపు అంటించారు, అది నాలుగు రోజులు నిలిచింది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూర్చుని చేసే సువరి-వజాను మినహాయించమని చేరేటప్పుడే అడగాలి, అడిగితే ఒప్పుకుంటారు. ఆత్మరక్షణ మూడు నెలల్లో రావాలనుకునేవారు రుసుము కట్టకపోవడం మంచిది. నేను వచ్చే మూడు నెలలకూ కట్టాను, సోమవారాలు మాత్రం ఆ అమ్మాయి వచ్చే ఆరున్నర బ్యాచ్‌కు మార్చమని అడిగాను.