సీరియల్ యాప్ రివ్యూ: యాప్ బానే ఉంది, సీరియలే లేదు

అమ్మ కోసం ఒక తెలుగు ఛానల్ వాళ్ల యాప్ ఏడాది ప్యాక్ తీసుకున్నా. క్లారిటీ ఓకే, ఎపిసోడ్ టీవీ కన్నా ముందే వచ్చేస్తుంది, యాడ్స్ గోల తక్కువ. గొడవల్లా ఏంటంటే ఆవిడ చూసే సీరియల్‌ని రాత్రి నుంచి మధ్యాహ్నానికి తోశారు, తోసిన కొన్నాళ్లకే హీరోయిన్‌కి గతం గుర్తొచ్చేసింది, అత్త కన్నీళ్లు పెట్టుకుని మారిపోయింది, జైల్లో ఉన్నోడు బయటికొచ్చాడు, శుభం కార్డు. అన్నీ ఒక్క వారంలోనే!!

నాకు మండేది ఎక్కడంటే, మనం డబ్బులు కట్టి యాప్‌లో ఎంత చూసినా టీవీ సీరియల్ తలరాత రాసేది ముఖ్యంగా బార్క్ (టీవీలో ఏది ఎంతమంది చూస్తున్నారో లెక్కేసే సంస్థ) వాళ్ల టీఆర్పీనే. దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఇళ్లలో మీటర్లుంటాయి, ఛానల్ ఆడియోలో మన చెవికి వినపడని వాటర్‌మార్క్ (అది ఏ ఛానలో చెప్పే గుర్తు) ఉంటుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది, వారం వారం లెక్కలొస్తాయి, యాడ్ రేట్లు వాటిని బట్టే. మా ఇంట్లో మీటర్ లేదు కాబట్టి అమ్మ లెక్కలోనే లేదన్నమాట.

అదే టీఆర్పీలు కుమ్మేసిన సీరియల్ పేరైతే వదలరు. 2017లో మొదలైన కార్తీకదీపం 2023 జనవరిలో అయిపోయిందా, 2024 మార్చికల్లా అదే జంటతో రెండోది దింపేశారు.

యాప్ వరకైతే 5కి 3. సీరియల్ కోసమే అయితే నెల ప్యాక్ చాలు, ఏడాదిది వద్దు.